రహస్యపు గదిలో పేరు

ఒకప్పుడు నా దగ్గర బి.ఏ. చదువుకున్న అమ్మాయి ఒకతె, మూడు నెలల క్రితం ఒక ఒప్పందం కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. హైదరాబాదులో డబ్బింగు చెప్పుకుని బతుకుతోంది. పరభాషా సీరియళ్లలో తల్లులకు, కార్టూను చిత్రాల్లో పిల్లలకు, బ్యాంకు ప్రకటనల్లో మర్యాదస్తులకు గొంతు ఇస్తుంది. ఈసారి వచ్చిన పని వీడియోగేము. అందులో ఒక ముసలి మంత్రసాని పాత్ర. మూడు రోజుల రికార్డింగు. డబ్బు ఫరవాలేదు. కాగితం మాత్రం ఇంగ్లీషులో ఉంది. ఆరో పేరా మీద వేలు పెట్టి, "మాస్టారూ, ఇదేమంటోంది?" అని అడిగింది.

ఆమె గొంతునూ, ఆ గొంతు నుంచి తయారుచేసే ఏ గొంతునైనా, ఇప్పుడున్న పద్ధతుల్లోనూ ఇకముందు కనిపెట్టబోయే పద్ధతుల్లోనూ, ఎల్లకాలం, విశ్వమంతటా వాడుకునే హక్కు కంపెనీకి ఉంటుందని ఆ పేరా అంటోంది. ముప్పై ఏళ్లు సాహిత్యం పాఠం చెప్పినవాణ్ణి. "ఎల్లకాలం", "విశ్వమంతటా" అనే మాటలు స్తోత్రాల్లో చదివానుగాని కూలి ఒప్పందంలో చూడటం అదే మొదలు. సంతకం పెట్టమనాలా వద్దనాలా నాకు తోచలేదు. వారం రోజులు గడువు అడిగి, ఈ ఆటల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. వారం మూడు నెలలైంది. ఈ వ్యాసం ఆ చదువులోంచి వచ్చింది.

మన సాహిత్య సభల్లో వీడియోగేము ప్రస్తావన వస్తే రెండే రకాల మాటలు వినిపిస్తాయి. పెద్దవాళ్లు అది పిల్లల్ని చెడగొట్టే వ్యసనమంటారు. నేనూ అన్నాను. కుర్రవాళ్లు అది రేపటి సాహిత్యమంటారు. కళ్లకు తగిలించుకునే అద్దాలు వచ్చాయి, మాట చెబితే లోకాన్ని సృష్టించే కృత్రిమ మేధ వచ్చింది, ఇక రచయితకూ పాఠకుడికీ తేడా ఉండదంటారు. ఈ రెండు వాదాల్లోనూ ఒక లోపం ఉంది. ఇద్దరూ యంత్రాన్నీ ఆడేవాణ్ణీ చూస్తున్నారు. ఆ యంత్రంలోకి ఎక్కే బొమ్మను, మాటను, కదలికను, గొంతును ఎవరు తయారుచేశారు, తయారుచేసినదాని మీద వారికి ఏం మిగిలింది అనే ప్రశ్న ఇద్దరూ వేయడం లేదు. వీడియోగేముల భవిష్యత్తు అసలు తేలేది ఈ ప్రశ్న దగ్గరేనని నా అభిప్రాయం. చరిత్ర చూస్తే, కొత్త సాంకేతిక పద్ధతి వచ్చిన ప్రతిసారీ అది ఈ ప్రశ్న దగ్గరే తేలింది.

పేరు సంగతి మనకు కొత్త కాదు. మన ప్రబంధకవి ఆశ్వాసం చివర గద్య రాసి, తానెవరో, తండ్రి ఎవరో, ఎవరి శిష్యుడో చెప్పుకునేవాడు. శతకకర్త మకుటంలో, పదకర్త ముద్రలో తమ గుర్తు పెట్టుకునేవారు. రాతిని చెక్కినవాడికీ బట్ట నేసినవాడికీ ఆ వీలు లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన పాలంపేట గుడిని జనం శిల్పి పేరుతో రామప్ప గుడి అంటారని చెబుతూ మనం మురిసిపోతాం. ఎందుకు మురిసిపోతాం? అలాంటి గుడి మరొకటి చూపించడం కష్టం కనుక. కృతిభర్త మాట విన్న కవికి పేరు దక్కింది, కూలి తీసుకున్న పనివాడికి దక్కలేదు. వీడియోగేము తయారుచేసేవాడు ఈ ఇద్దరిలో ఎవరు? ఆ పరిశ్రమ పుట్టినప్పటి నుంచి నడుస్తున్న తగాదా ఇదే.

మొదట్లో తగాదా లేదు, ఎందుకంటే సొమ్ము లేదు. 1958 అక్టోబరులో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ జాతీయ ప్రయోగశాలలో సందర్శకుల దినం వచ్చింది. చూడవచ్చేవారికి విసుగు పుట్టకూడదని విలియం హిగిన్‌బోథం అనే భౌతికశాస్త్రజ్ఞుడు ఒక ఆసిలోస్కోపు తెర మీద టెన్నిసు బంతి ఎగిరేలా చేశాడు. ఈయన లాస్ అలమోస్‌లో అణుబాంబు పనిలో పాల్గొని, ఆ తర్వాత అణ్వాయుధాలకు వ్యతిరేకంగా పనిచేసిన శాస్త్రజ్ఞుల సమాఖ్య స్థాపకుల్లో ఒకడు. ఆట కోసం జనం బారులు తీరారు. ఆయన దాన్ని గొప్ప సంగతి అనుకోలేదు, పేటెంటూ తీసుకోలేదు. 1962లో ఎం.ఐ.టి.లో స్టీవ్ రస్సెల్, అతని మిత్రులు పి.డి.పి.-1 అనే కంప్యూటరు మీద రెండు అంతరిక్ష నౌకలు పోట్లాడుకునే ఆట రాశారు. దాని పేరు స్పేస్‌వార్. ఆ కంప్యూటరు ధర లక్ష డాలర్ల పైన ఉండేది. అంత యంత్రం ఎవరింట్లో ఉంటుంది, ఆటను ఎవరికి అమ్ముతారు? కనుక అది చేతులు మారింది. ఒకరు రాసినదానికి మరొకరు నక్షత్రాలు చేర్చారు, ఇంకొకరు గురుత్వాకర్షణ చేర్చారు. మన జానపద గేయం పెరిగినట్టు పెరిగింది. అయితే ఈ స్వర్ణయుగాన్ని మరీ పొగడనక్కర్లేదు. ఆ యంత్రాలూ ఆ తీరికా ప్రచ్ఛన్నయుద్ధపు డబ్బుతో వచ్చినవే.

సొమ్ము 1972లో వచ్చింది. నాజీ జర్మనీ నుంచి పారిపోయి అమెరికా చేరిన రాల్ఫ్ బేర్ సాండర్స్ అనే రక్షణ పరికరాల కంపెనీలో ఇంజనీరు. ఇంట్లో టెలివిజను మీద ఆటలాడుకునే పెట్టెను ఆయన రూపొందించాడు. పేటెంట్లు ఆయన కంపెనీవి. ఆ పెట్టెను మాగ్నవాక్స్ సంస్థ ఒడిస్సీ పేరుతో 1972లో అమ్మింది. అదే ఏడాది నోలన్ బుష్నెల్, టెడ్ డాబ్నీ స్థాపించిన అటారీ సంస్థ పాంగ్ అనే ఆటను మద్యశాలల్లో నిలబెట్టి నాణేలు పోగుచేసింది. మాగ్నవాక్స్ దావా వేసింది, అటారీ 1976లో లైసెన్సు డబ్బు కట్టి రాజీపడింది. అదే ఏడాది వార్నర్ కమ్యూనికేషన్స్ 2 కోట్ల 80 లక్షల డాలర్లకు అటారీని కొనేసింది. ఆట ఇప్పుడు సరుకైంది. సరుకును తయారుచేసినవాడి సంగతి అక్కడ మొదలైంది.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి, ఎందుకంటే ఆ తర్వాత జరిగినదంతా ఈ మూడు నాలుగేళ్లలో బీజరూపంలో ఉంది.

1978 తర్వాత అటారీకి అధిపతి అయిన రే కస్సార్ జౌళి పరిశ్రమ నుంచి వచ్చినవాడు. బర్లింగ్టన్ మిల్లుల్లో పెద్ద పదవి చేశాడు. అప్పట్లో ఒక ఆటను ఒక్క మనిషే తయారుచేసేవాడు. ఊహా అతనిదే, బొమ్మా అతనిదే, చప్పుడూ అతనిదే, లెక్కలూ అతనివే. అయినా పెట్టె మీద అటారీ పేరే ఉండేది. అలాంటివారిలో ఒకడు వారెన్ రాబినెట్. అతను చేసిన ఆట పేరు అడ్వెంచర్. కోటలు, చిట్టడవి వంటి దారులు, మూడు డ్రాగన్లు, దొరకవలసిన ఒక పానపాత్ర. ఇదంతా 4 కిలోబైట్లలో ఇమిడింది. ఈ వ్యాసంలో రెండు పేరాలు కూడా అందులో పట్టవు. అతని జీతం ఏడాదికి 22 వేల డాలర్లు. ఆట ఒక్కొక్కటి సుమారు 25 డాలర్ల చొప్పున పది లక్షలు అమ్ముడైందని అతనే తర్వాత చెప్పాడు. అదనంగా ఒక్క డాలరు రాలేదు. పేరూ రాలేదు.

అతను చేసిన పని ఇది. ఆటలో ఒక చోట ఒకే ఒక్క చుక్క పెట్టాడు. నేల రంగూ చుక్క రంగూ ఒకటే కావడంతో అది కంటికి ఆనదు. దాన్ని వెతికి పట్టుకుని, ఫలానా గోడ దగ్గరకు మోసుకుపోతే, ఆ గోడలోంచి లోపలికి వెళ్లవచ్చు. లోపల ఒక గది. గది నిండా నిలువుగా ఒకే వాక్యం: దీన్ని చేసినవాడు వారెన్ రాబినెట్. కంపెనీలో ఎవరికీ చెప్పకుండా అతను 1979లో ఉద్యోగం మానేశాడు. 1980లో సాల్ట్‌లేక్ సిటీ నుంచి ఒక పదిహేనేళ్ల కుర్రవాడు, గది దొరికిందని కంపెనీకి ఉత్తరం రాస్తేగాని సంగతి బయటపడలేదు. అప్పటికే లక్షల కార్ట్రిడ్జీలు అమ్ముడుపోయాయి. తీసేయాలంటే కొత్తగా అచ్చులు పోయాలి, ఖర్చు. దాంతో, ఇలాంటి రహస్యాలు కొనేవాళ్లకు సరదాగా ఉంటాయని, వాటిని "ఈస్టర్ గుడ్లు" అందామని కంపెనీలోనే ఒకాయన సూచించాడు.

ఆశ్వాసాంత గద్యను ఎవరూ చూడని గోడ వెనక దాచుకోవలసి వచ్చిన కవి రాబినెట్. ఇప్పటి ఆటల్లో ఈస్టర్ గుడ్లు సరదాకు, ప్రచారానికి, డబ్బిచ్చి పెట్టిస్తారు. మొదటిది మాత్రం సరదాకు పెట్టింది కాదు. కూలివాడి ఫిర్యాదును కంపెనీ అలంకారంగా మార్చుకుంది. మన విమర్శకులు శిల్పం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఉదాహరణ గుర్తుపెట్టుకుంటే బాగుంటుంది.

అదే సమయంలో అటారీలో నలుగురు ప్రోగ్రామర్లు - డేవిడ్ క్రేన్, లారీ కాప్లన్, ఆలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ - ఒక లెక్క కట్టారు. కంపెనీ అమ్మిన పది కోట్ల డాలర్ల కార్ట్రిడ్జీలలో ఆరు కోట్ల వరకు తమ ఆటలవేనని తేలింది. జీతాలు మాత్రం వేలల్లోనే ఉన్నాయి. కస్సార్ దగ్గరకు వెళ్లి, పుస్తక రచయితకు ఇచ్చినట్టు రాయల్టీ ఇవ్వమనీ పేరు వేయమనీ అడిగారు. తువాళ్ల మీద డిజైన్లు వేసేవాళ్లను తాను చాలామందిని చూశానన్న ధోరణిలో ఆయన మాట్లాడాడనీ, ఈ సరుకుకు మీరెంత ముఖ్యమో అసెంబ్లీ లైనులో దాన్ని బిగించేవాడూ అంతే ముఖ్యమన్నాడనీ క్రేన్ తర్వాత పలుమార్లు చెప్పాడు. నలుగురూ బయటికొచ్చి 1979లో యాక్టివిజన్ సంస్థ పెట్టారు. ఆట పుస్తకంలో తయారుచేసినవాడి పేరు, ఫొటో, అతని మాటలు వేశారు. అటారీ దావా వేసింది, 1982లో రాజీ కుదిరింది. అదే ఏడాది క్రేన్ చేసిన పిట్‌ఫాల్ లక్షల్లో అమ్ముడైంది.

ఈ కథను సాధారణంగా ఇక్కడ ఆపేస్తారు. కళాకారుడు గెలిచాడు, వ్యాపారి ఓడాడు. రచయితలమైన మనకు కూడా అది తీపిగా ఉంటుంది. నాకు మాత్రం కస్సార్ అన్నమాట దగ్గర అనుమానం వచ్చింది. అసెంబ్లీ లైనులో బిగించేవాడితో పోల్చినందుకు ఆ నలుగురికి ఎందుకంత అవమానమైంది? పోలిక తప్పా? ఆ మాటలో ఒక నిజం ఉంది: యజమాని దృష్టిలో ఇద్దరూ కూలివాళ్లే. తేడా ఏమిటంటే, నలుగురికీ బయటికి నడిచే దారి ఉంది. ప్రోగ్రాం వాళ్ల తలలో ఉంది. బిగించే మనిషికి ఉన్నది చెయ్యి ఒక్కటే. 1983 ఫిబ్రవరిలో అటారీ కాలిఫోర్నియాలోని తయారీని హాంకాంగుకు, తైవానుకు తరలిస్తూ 1,700 మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. వాళ్ల పేర్లు ఏ గదిలోనూ లేవు. పేరు కోసం పోరాడినవారు ఆ 1,700 మందిని తమవారనుకోలేదు. అంతకంటే పెద్ద తప్పు ఆ పరిశ్రమలో జరగలేదని నేననుకుంటున్నాను. ఆ తప్పు ఖరీదు ఇప్పుడు కడుతున్నారు.

పేరు వచ్చినంతమాత్రాన మేలు జరుగుతుందనే హామీ కూడా లేదు. 1982లో ఈ.టీ. సినిమాను ఆటగా చేయమని హోవర్డ్ స్కాట్ వార్షాకు అటారీ అయిదు వారాల గడువిచ్చింది. లక్షల కార్ట్రిడ్జీలు మిగిలిపోయాయి. 1983లో న్యూమెక్సికోలోని అలమొగోర్డో దిబ్బలో పూడ్చిన సరుకులో అవీ ఉన్నాయి. 2014లో తవ్వి తీసి చూపించారు. గడువు పెట్టినవాడి పేరు ఎవరికీ గుర్తులేదు, చేసినవాడి పేరు మాత్రం "అతి చెడ్డ ఆట" పక్కన నిలిచిపోయింది. జపానులో ఇంకో పద్ధతి. ఎనభైల్లో కొన్ని కంపెనీలు తమ పనివాళ్లను పోటీదారు ఎగరేసుకుపోతాడని, ఆట చివరి జాబితాలో అసలు పేర్లకు బదులు ముద్దుపేర్లు వేయించేవి.

సోవియట్ ఉదాహరణ దాటేస్తే నిజాయితీ కాదు. 1984లో మాస్కోలో, సైన్సు అకాడమీవారి కంప్యూటింగు కేంద్రంలో అలెక్సీ పాజిత్నోవ్ టెట్రిస్ తయారుచేశాడు. ఆట ఒక యంత్రం నుంచి మరో యంత్రానికి, ఒక చేతి నుంచి మరో చేతికి పాకిపోయింది. విదేశీ కంపెనీలు హక్కుల కోసం కొట్టుకున్నాయి. ఎలోర్గ్ అనే ప్రభుత్వ సంస్థ బేరం నడిపింది. 1989లో నిన్‌టెండో గేమ్‌బాయ్‌తో పాటు టెట్రిస్ మూడున్నర కోట్ల ఇళ్లకు చేరింది. పాజిత్నోవ్ తన హక్కును పదేళ్లపాటు ప్రభుత్వానికి వదిలేశాడు, అతనికి రాయల్టీ 1996 నుంచి మొదలైంది. ప్రభుత్వం చేతిలో ఉన్నంతమాత్రాన అది శ్రామికుడి చేతిలో ఉన్నట్టు కాదు. ఈ మాట మన మిత్రులు కొందరికి రుచించకపోవచ్చు.

రచయితలు నేర్చుకోవలసిన పాఠం మరొకటి ఎస్తోనియాలో ఉంది. రాబర్ట్ కుర్విట్జ్ అనే రచయిత 2013లో ఒక నవల వేశాడు. పెద్దగా అమ్ముడుపోలేదు. నవలలోని కల్పిత లోకాన్నే అతనూ, మిత్రులూ ఒక ఆటగా మలిచారు. 2019లో వచ్చిన ఆ ఆట డిస్కో ఎలీసియం. పది లక్షలకు పైగా మాటలున్నాయి అందులో. ఓడిపోయిన కమ్యూన్ శిథిలాల మధ్య, రేవు కార్మికుల సమ్మె జరుగుతుండగా, గతం మరిచిపోయిన ఒక తాగుబోతు పోలీసువాడు హత్యను పరిశోధిస్తాడు. అతని మెదడులోని ఇరవై నాలుగు గుణాలూ ఇరవై నాలుగు గొంతులతో అతనితో వాదిస్తాయి. కాల్పులు దాదాపు లేవు, సంభాషణే ఆట. వీడియోగేములో సాహిత్యం సాధ్యమా అని అడిగేవారికి నేను చూపించే మొదటి జవాబు ఇదే. ఆ ఏడాది అవార్డు వేదిక మీద ఆ బృందంవారు మార్క్సుకూ ఎంగెల్సుకూ కృతజ్ఞతలు చెప్పారు. చప్పట్లు మోగాయి.

2022లో తెలిసిందేమిటంటే, కుర్విట్జ్‌తో సహా ప్రధాన సృష్టికర్తలు ముగ్గురు 2021 చివరికే సంస్థలో లేరు. తమను అన్యాయంగా తప్పించారని వారన్నారు, దుష్ప్రవర్తన వల్ల తీసేశామని కంపెనీ అంది. వ్యవహారం కోర్టులకెక్కింది. ఎవరిది ఎంత నిజమో నేను తీర్పు చెప్పను. నాకు కావలసిన అంశం వేరు. కుర్విట్జ్ పేరు ఆటలో భద్రంగా ఉంది. రహస్యపు గదిలో కాదు, ముందే ఉంది. కాని అతను కుర్రతనం నుంచి ఊహించుకున్న ఆ లోకం, అందులోని ఊళ్లు, చరిత్ర, మనుషులు - ఇవి కంపెనీ ఆస్తి. 1979లో లేని పేరు 2019 నాటికి వచ్చింది. పేరొచ్చాక తేలిందేమిటంటే, పేరు ఆస్తి కాదు.

ఇప్పుడు భవిష్యత్తు అంటున్న సాంకేతిక పద్ధతుల దగ్గరకు వద్దాం. వెనకటి ఆటలో మనిషి బొమ్మను చేత్తో గీసేవారు. ఈనాడు నటుడికి బిగుతు దుస్తులు తొడిగి, కీళ్ల దగ్గర గుర్తులు అంటించి, చుట్టూ కెమెరాలు పెట్టి అతని నడకను, పడిపోవడాన్ని, ముఖంలో కదిలే కండరాన్ని అంకెలుగా మార్చుకుంటారు. గొంతును కూడా అలాగే. అంకెలైన తర్వాత అవి కృత్రిమ మేధకు మేత. నటుడు ఎన్నడూ పలకని వాక్యాన్ని అతని గొంతుతో యంత్రం పలుకుతుంది, అతను ఎన్నడూ దూకని గోడను అతని ఒంటితో దూకుతుంది. అమెరికాలో నటుల సంఘం శాగ్-ఆఫ్ట్రా 2024 జూలై 26న వీడియోగేము కంపెనీల మీద సమ్మె మొదలుపెట్టింది ఈ కారణంగానే. 2016-17లో అదే సంఘం ఇదే పరిశ్రమ మీద చేసిన సమ్మె దాదాపు పదకొండు నెలలు సాగింది. అప్పుడు గొడవ ప్రధానంగా డబ్బు గురించి, గొంతు చించుకునే పని గంటల గురించి. ఈసారి గొడవ మనిషికే ప్రతిరూపం చేయడం గురించి. అందులో ఒక వివాదం నన్ను ఆపేసింది. దూకే, పడే, నడిచే నటుల్లో కొందరి పనిని నటనగా కాక "డేటా"గా లెక్కగట్టాలని కంపెనీలు చూస్తున్నాయని సంఘం ఆరోపించింది. నటన అయితే నటుడికి హక్కుంటుంది, డేటా అయితే ఉండదు. అసెంబ్లీ లైను మనిషికి ఉన్నది చెయ్యి ఒక్కటే అన్నాను కదా. ఆ చెయ్యి కూడా మనిషి నుంచి విడిపోతున్నది ఇక్కడ.

ఆడేవాడు కూడా ఇందులోకి వచ్చేశాడు. 2025 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ మ్యూజ్ అనే కృత్రిమ మేధ నమూనాను ప్రకటించింది. ఆటలోని దృశ్యాలను అది తనంతట తాను ఊహించి నడిపిస్తుంది. దానికి శిక్షణ ఎలా ఇచ్చారు? నింజా థియరీ సంస్థ 2020లో తెచ్చిన బ్లీడింగ్ ఎడ్జ్ అనే ఆటను జనం ఆడుతుండగా నమోదైన దృశ్యాలతో, మీటల నొక్కుళ్లతో. ఒక మనిషి ఆగకుండా ఆడితే ఏడేళ్లకు పైగా పట్టేంత ఆట అది. ఆటేమో జనాదరణ పొందలేదు, ఏడాది తిరక్కుండానే కొత్త చేర్పులు ఆపేశారు. డబ్బిచ్చి ఆట కొన్న కుర్రవాడు తన సాయంత్రాలతో ఒక యంత్రానికి పాఠం చెప్పాడు. మొదటిసారి తెరిచినప్పుడు "ఒప్పుకుంటున్నాను" అనే మీట నొక్కాడు కనుక చట్టప్రకారం అభ్యంతరం లేదు. 2025 ఆగస్టులో గూగుల్ చూపించిన జీనీ 3 ఇంకో అడుగు ముందుకు వేసింది. నాలుగు వాక్యాలు రాసిస్తే, కొన్ని నిమిషాలపాటు తిరగగలిగే లోకాన్ని అప్పటికప్పుడు అల్లి చూపిస్తుంది. రచయితకూ పాఠకుడికీ తేడా పోతుందన్న కుర్రవాళ్ల మాట ఒక విధంగా నిజమే. ఇద్దరూ ముడిసరుకే అవుతున్నారు.

"అయితే యంత్రాన్ని పగలగొట్టమంటారా?" అని నన్నొక మిత్రుడు నిలదీశాడు. అభ్యుదయవాది యంత్రానికి శత్రువు కాడని నాకూ తెలుసు. అచ్చుయంత్రం వచ్చి రాయసగాళ్ల పొట్ట కొట్టినా మనకు పత్రికలిచ్చింది. ఒంటరిగా కూర్చుని కథ రాసుకునే పేద కుర్రవాడికి రేపు వందమంది చిత్రకారులు అక్కర్లేకుండా ఆట తయారుచేసే వీలు వస్తే నేను సంతోషిస్తాను. కాని అచ్చుయంత్రం రాయసగాడి దస్తూరీని ఎత్తుకుపోలేదు. అతని తర్వాతి ఉత్తరాన్ని అతని చేతిరాతలోనే రాయలేదు. ఈ తేడా చిన్నది కాదు.

"అనుమతి తీసుకుంటే చాలు కదా" అనేది ఇంకో వాదం. చాలదని రెండు ఉదాహరణలు. 2024 సెప్టెంబరులో చనిపోయిన జేమ్స్ ఎర్ల్ జోన్స్ గొంతును, 2025 మేలో ఫోర్ట్‌నైట్ ఆటలో డార్త్ వేడర్ పాత్రకు కృత్రిమ మేధతో పలికించారు. కుటుంబం ఒప్పుకుంది. అయినా నటుల సంఘం ఫిర్యాదు చేసింది: ఆ పాత్రకు ఇతర ఆటల్లో బతికున్న నటులు గొంతు ఇస్తున్నారు, వాళ్ల పనిని సంఘంతో మాట్లాడకుండా యంత్రానికి ఎలా అప్పగిస్తారని. చనిపోయినవాడి అనుమతితో బతికున్నవాడి కూడు పోతుంది. రెండోది మన దగ్గరిదే, ఆటది కాదుగాని సమస్య ఒకటే. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 2020లో చనిపోయారు. 2023లో వచ్చిన కీడా కోలా సినిమాలో ఆయన గొంతును కృత్రిమంగా పలికించారని, తమ అనుమతి అడగలేదని కుటుంబం 2024లో నోటీసు పంపింది. అంతటి గాయకుడి కుటుంబానికే నోటీసులు తప్పలేదు. సీరియల్లో అత్తగారి గొంతు చెప్పే మనిషి ఎవరికి నోటీసు పంపుతుంది? ఆ గొంతు ఆమెదని గుర్తుపట్టేవారెవరు?

అమెరికా సమ్మెను 2025 జూన్‌లో నిలిపారు, జూలైలో 95 శాతం ఓట్లతో ఒప్పందం ఖాయమైంది. ప్రతిరూపం వాడాలంటే నటుడి సమ్మతి కావాలి, ఎక్కడ ఎందుకు వాడుతున్నారో చెప్పాలి, సమ్మె జరిగే కాలంలో ఆ సమ్మతిని వెనక్కి తీసుకోవచ్చు. మూడోది చాలా విలువైనది. లేకపోతే నటుడు వీధిలో సమ్మె చేస్తుంటే అతని గొంతు లోపల పనిచేస్తూ ఉంటుంది! తన సమ్మెను తానే భగ్నం చేసుకునే కార్మికుణ్ణి ఏ నవలాకారుడూ ఊహించలేదనుకుంటాను. ఆటల్లో తప్పులు వెతికే పరీక్షకులు, అంటే పరిశ్రమలో అందరికన్నా తక్కువ జీతగాళ్లు, 2022లో రావెన్ స్టూడియోలో, 2023 మొదట్లో జెనిమాక్స్‌లో సంఘాలు పెట్టుకున్నారు. జెనిమాక్స్ వారు మైక్రోసాఫ్ట్‌తో కృత్రిమ మేధ గురించి కూడా షరతులు రాయించుకున్నారు. 1979లో నలుగురు ప్రతిభావంతులు తమ దారి తాము చూసుకున్నారు. ఇప్పుడు మొదలుపెట్టినవారు ప్రతిభావంతుల జాబితాలో లేనివారు. ఆశకు కారణం ఏమైనా ఉంటే అది ఇక్కడే ఉంది.

మన దేశంలో 2025 ఆగస్టులో ఆన్‌లైను ఆటల మీద చట్టం వచ్చింది. డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆ పని చేశాయి. మంచిదే, అప్పులపాలై చచ్చిపోయిన కుర్రవాళ్ల వార్తలు మనం చదువుతూనే ఉన్నాం. కాని ఆ చట్టం దృష్టిలో ఉన్నది ఆడేవాడూ, ఆడించేవాడూ. తయారుచేసేవాడు లేడు. బయటి దేశాల ఆటలకు కత్తులు, చెట్లు, గుర్రాలు, గోడలు గీసి పంపే మన కుర్రవాళ్లు వేలల్లో ఉంటే, ఆట చివర జాబితాలో చాలాసార్లు కనిపించేది వాళ్ల కంపెనీ పేరు.

ఆ అమ్మాయికి నేను చెప్పగలిగింది ఇంతే: ఆరో పేరా తీసేయమని అడుగు, నీతోపాటు ఆ ఆటకు గొంతు ఇస్తున్న మిగతావాళ్లను కూడా అడగమను. ఆమె నవ్వింది. "మిగతావాళ్లెవరో నాకు తెలియదు మాస్టారూ. ఒక్కొక్కళ్లను ఒక్కో పూట పిలుస్తారు. గదిలో నేనూ, అద్దం అవతల ఒక కుర్రాడూ, అంతే" అంది.

పేరా మీద పెన్నుతో అడ్డగీత కొట్టి, పక్కన పొట్టి సంతకం చేసి పంపింది. పదిరోజుల తర్వాత ఫోను చేసింది. జవాబు రాలేదట. రికార్డింగు తేదీ మాత్రం దాటిపోయిందట.